రేపు వెళ్దురుగాని

తనిఖీకి వచ్చిన సుబ్బాయమ్మగారు రవికెను పై వైపు చూడనేలేదు. తిరగేసి ఒళ్ళో పరుచుకుని, లోపలి కుట్ల మీద బొటనవేలు ఆనించి, మెడ దగ్గర నుంచి చంక దాకా నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్ళారు. ఎక్కడైనా దారం ముడి తగిలితే వేలు ఆగేది. ఆగినప్పుడల్లా ఎదురుగా చాప మీద కూర్చున్న సూర్యావతి ఊపిరి బిగబట్టేది. గుమ్మంలో నిలబడ్డ వెంకటరాజు ఆ వేలునీ, ఈ పిల్ల మొహాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

వెంకటరాజు సంపెంగలంక ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. కుట్టు బడి మాత్రం ఆయనది కాదు, ఆయన భార్య రత్నమాలది. ఇంటి వసారాలో మిషన్లు వేసి ఆవిడ నడుపుతుండేది. కార్తీకంలో ఆవిడ పోయాక, ఆవిడ దగ్గర నేర్చుకున్న సూర్యావతే మిగిలిన ఆడపిల్లలకి చెబుతోంది. పడవ గంగయ్య కూతురామె. మొగుడు యానాంలో వేరే కాపురం పెట్టుకుంటే పుట్టింటికి వచ్చేసింది. కొత్తపేట ఆడపిల్లల స్కూల్లో కుట్టు టీచరు ఉద్యోగం ఖాళీగా ఉంది. జూన్‌లో బడి తెరిచేనాటికి సర్టిఫికెట్టు చూపిస్తే తీసుకుంటామన్నారు. సర్టిఫికెట్టు కావాలంటే రాజమండ్రిలోని స్త్రీల కుట్టుపని మండలి పెట్టే పరీక్ష రాయాలి. పరీక్ష రాయాలంటే బడికి మండలి గుర్తింపు ఉండాలి. గుర్తింపు ఇవ్వచ్చో లేదో చూడడానికే సుబ్బాయమ్మగారు బుధవారం పొద్దుగూకే వేళకి బంట్రోతు సత్తెయ్యను వెంటబెట్టుకుని వచ్చారు. పొద్దుపోయింది కాబట్టి ఆ పని ఇవాళ, గురువారం నాడు జరుగుతోంది.

మిషన్లు చూశారు. కత్తెరల పదును గుడ్డ మీద చూశారు. ఒక్కొక్క పిల్ల చేతా అంచు మడత కుట్టించారు. మధ్యాహ్నం కాకుండానే పని తెమిలిపోయింది. గన్నవరం దాకా దిగబెట్టడానికి గంగయ్య పడవ రేవులో సిద్ధంగా ఉంది. సత్తెయ్య సంచీలు సర్దేశాడు.

అప్పుడు సుబ్బాయమ్మగారి చేతికి నమూనా గుడ్డ ఒకటి తగిలింది. పిల్లలకి చూపించడానికి రత్నమాల కుట్టిన గుడ్డ అది. కచ్చాకుట్టు దగ్గర నుంచి బొత్తాం కాజా దాకా కుట్లన్నీ దాని మీద వరుసగా ఉంటాయి. సుబ్బాయమ్మగారు దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఈ కాజాలు ఎవరు కుట్టేరండీ?"

"మా ఇంటిది కుట్టిందండి" అన్నాడు వెంకటరాజు.

"ఏళ్ళ తరబడి పరీక్షలకి కాజాలు దిద్దుతున్నానండి. దారం కొస ఎక్కడ దాచేరో నేను కనిపెట్టలేకపోవడం ఇదే." ఆవిడ గుడ్డను మళ్ళీ తిప్పారు. "ఓపికున్న మనిషండి ఆవిడ. కోపం కూడా ఉండాలి కొంచెం. చూడండి, మూల దగ్గర దారం ఎలా బిగించేరో."

వెంకటరాజు తల ఊపాడు. నాలుగు నెలలుగా ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఆవిడ జబ్బు గురించే మాట్లాడారు. ఎంత బాధపడిందో, ఎంత చిక్కిపోయిందో చెప్పి వెళ్ళారు. ఆవిడ కోపిష్టిదని ఎవరూ అనలేదు. ఆ మాట విన్నాక ఆయనకి, లోపలి గదిలో ఎవరో గాజులు వెనక్కి తోసుకుని మళ్ళీ పనిలో పడినట్టనిపించింది.

"ఇవాళ ఉండండి. రేపు వెళ్దురుగాని" అన్నాడు.

వంటింట్లో ఉన్న ఆయన అక్క వరహాలమ్మ ఆ మాట విని చేతిలో గరిటెతో సహా బయటికి వచ్చింది. అతిథిని ఆపడం ఆ ఇంట్లో ఎప్పుడూ ఆవిడ పని. తమ్ముడు నోరు తెరిచి ఒకరిని ఉండమన్నది కార్తీకం తరవాత ఇదే మొదలు. ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. పనసపొట్టు కొట్టించేశాననీ, ఆవ పెట్టిన కూర తినకుండా లంక దాటితే తన పరువు గోదాట్లో కలిసినట్టేననీ చెప్పింది.

సుబ్బాయమ్మగారు మొహమాటపడ్డారు. తిండి ఖర్చుకి తనకి మండలి రోజూ బత్తా ఇస్తుందనీ, బడివాళ్ళ ఇంట్లో తినకూడదని రూలుందనీ చెప్పారు. నిన్న రాత్రే ఏదో పొద్దుపోయిందని తిన్నానన్నారు.

"బత్తా మీ సంచీలో ఉంటుందండి. ఆకలి పొట్టలో ఉంటుంది. దాని దారి దానిది, దీని దారి దీనిది" అంది వరహాలమ్మ.

సత్తెయ్య సంచీలు మళ్ళీ విప్పాడు. గోదావరి దాటి ఇటు వచ్చిన ఏ ఆఫీసరూ చెప్పిన రోజున తిరిగి వెళ్ళిన పాపాన పోలేదని, పిల్లలు నవ్వేలా చెప్పాడు.

శుక్రవారం తెల్లవారగానే సుబ్బాయమ్మగారు స్నానం చేసి, తల దువ్వుకుని ప్రయాణానికి తయారైపోయారు. వరహాలమ్మ గడపకి పసుపు రాస్తూ తలెత్తింది. శుక్రవారం పూట ముత్తయిదువని గుమ్మం దాటించి తను లోపలికి ఎలా వెళ్ళగలనని అడిగింది. ఇందులో మొహమాటం ఏమీ లేదు. ఆ ఊళ్ళో కూతుర్ని గానీ కోడల్ని గానీ శుక్రవారం ఎవరూ పంపరు. సుబ్బాయమ్మగారిదీ ఆ వైపు పుట్టిల్లే. పంతం పట్టలేకపోయారు. ఆ పూటంతా పిల్లల మధ్య చాప మీద కూర్చుని బుట్టచెయ్యి కత్తిరించడం చెప్పారు. వెంకటరాజు లోపల్నుంచి పెట్టె తెచ్చి రత్నమాల కుట్టిన తక్కిన గుడ్డలన్నీ ఒక్కొక్కటిగా అందించాడు. ఆవిడ ఒక్కొక్క దాని గురించీ ఏదో ఒకటి చెప్పారు. ఒకదాని మీద తప్పు కూడా పట్టారు. ఆ తప్పు విన్నప్పుడు వెంకటరాజు నవ్వాడు. వరహాలమ్మ అది చూసి పక్కకి తిరిగి కళ్ళు ఒత్తుకుంది.

శనివారం పొద్దున్న రేవుకి అందరూ వచ్చారు. పసుపు కుంకాలతో రవికె గుడ్డ ఒడిలో పెట్టించుకుని, పూతరేకుల పొట్లం పట్టుకుని సుబ్బాయమ్మగారు పడవ గూటి కింద కూర్చున్నారు. సత్తెయ్య గట్టు మీదే నిలబడి ఒక చీటీ తీసి, గంగయ్య బొటనవేలికి సిరా రాశాడు. బుధవారం నుంచి పడవ నిలబెట్టినందుకు కూలి అది.

"పడవ కట్టేసుకుని చెట్టు కింద పడుకున్నా కూలిచ్చే మారాజులు మీరేనండి" అన్నాడు గంగయ్య, వేలు చీటీ మీద నొక్కుతూ.

"నేనిచ్చేదేటుంది మావా. మేష్టారి లెక్కలోకి పోద్ది" అన్నాడు సత్తెయ్య.

వెంకటరాజు అది వేళాకోళం అనుకున్నాడు. నవ్వుతూనే ఏమిటని అడిగాడు. సత్తెయ్య కూడా నవ్వుతూనే చెప్పాడు. మద్రాసు నుంచి రాష్ట్రం విడిపోయాక మండలికి వచ్చే గ్రాంటు ఆగిపోయింది. అప్పటి నుంచి తనిఖీ ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళ ఖర్చూ బడివాళ్ళదే. అమ్మగారి బత్తా, తన బత్తా, పడవ కూలి, ఆ పైన ఆఫీసు ఖర్చులో బడి వాటా, అన్నీ కలిపి ఫీజుగా లెక్క కడతారు.

"మీకు తెలీదేటండి? తెలిసే ఆపేరనుకున్నాను. కలిగినవారనుకున్నాను" అన్నాడు. అనేసి, వెంకటరాజు మొహం చూసి, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పడవ గూట్లోంచి సుబ్బాయమ్మగారు మంచి రిపోర్టు రాస్తానని కేక వేసి చెప్పారు. వెంకటరాజు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. గంగయ్య సిరా వేలును తెడ్డు కర్రకి రాసుకుని, గెడ వేసి పడవను నీళ్ళలోకి తోశాడు.

*

రిపోర్టు మంచిదే వచ్చింది. బడి అన్ని విధాలా గుర్తింపుకి తగినదనీ, తనిఖీ ఫీజు పరీక్ష దరఖాస్తుల గడువులోగా కట్టాలనీ మండలి తెలియజేసింది. కింద వేసిన మొత్తాన్ని వెంకటరాజు ఒకసారి చూసి, కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టాడు. రత్నమాల జబ్బుకి అమ్మగలిగినవన్నీ అంతకుముందే అమ్మేశాడు. మిగిలినవి మిషన్లు. వాటిలో ఒకటి తగ్గినా గుర్తింపు ఇవ్వరు.

వరహాలమ్మ ఏమైందని రెండు రోజులు అడిగి, మూడో రోజు తనే గ్రహించింది.

"అన్నం పెట్టింది మనం. పక్కేసింది మనం. మనింట్లో తిన్నందుకు మనవే కూలియ్యాలేంట్రా?" అంది.

"తిన్నందుకు కాదక్కయ్యా. ఉన్నందుకు."

"ఉండమన్నది నేను కదా."

"ముందు అన్నది నేను" అన్నాడు వెంకటరాజు. వరహాలమ్మ చేట తీసుకుని బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరింది.

సాయంత్రం గంగయ్య వచ్చి వసారా కింద నిలబడ్డాడు. సూర్యావతి చెప్పిందట. తను పుచ్చుకున్న పడవ కూలి తెచ్చి ఇచ్చేద్దామనుకున్నాననీ, దాంతో తెరచాపకి గుడ్డ కొనేశాననీ, ఆ చాప మిషను మీద అంచు కుట్టి ఇచ్చింది కూడా తన కూతురేననీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ బొటనవేలిని పంచె కొంగుతో తుడుచుకుంటూనే ఉన్నాడు. సిరా ఎప్పుడో పోయింది.

"ముందే తెలిస్తే ఊరికే నిలబెట్టేవోణ్ణండి బాబూ. నా కూతురి బడని తెలుసుగానీ, నా కూలి కూడా దాని మీదే పడుద్దని నాకెలా తెలుస్తాదండి?"

"నీదేం తప్పులేదు గంగయ్యా."

"మరెవరిదండి?"

వెంకటరాజు వరసగా అందరినీ తలుచుకున్నాడు. సుబ్బాయమ్మగారిది కాదు. సత్తెయ్యది కాదు. రాజమండ్రి వెళ్ళి మండలివాళ్ళని అడిగి వస్తానని మాత్రం చెప్పాడు.

*

మండలి ఆఫీసు మేడ మీద ఒకటే గది. వెంకటరాజు లోపల ఒక కటువైన మనిషిని ఊహించుకుని, మెట్లెక్కుతూ మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. లోపల ఉన్న కార్యదర్శి నెరిసిన జుట్టు మనిషి. చొక్కా మోచేతుల దగ్గర రఫ్ఫు చేసి ఉంది. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. కూజాలోంచి తనే మంచినీళ్ళు వంచి ఇచ్చాడు. సుబ్బాయమ్మగారు ఈ బడి గురించి ఎంత చెప్పారో చెప్పాడు. సిద్ధం చేసుకున్న మాటలన్నీ వెంకటరాజుకి పనికిరాకుండా పోయాయి.

చూసిందంతా గురువారం మధ్యాహ్నానికే అయిపోయిందనీ, మిగిలిన రోజులు మర్యాద కోసం తామే ఉంచామనీ వెంకటరాజు చెప్పాడు. ఆ రోజులు తీసేసి లెక్క కట్టమని అడిగాడు.

కార్యదర్శి విన్నాడు. కొట్టిపారేయలేదు.

"మీరు చెప్పింది నిజమేనండి. ఆవిడా అలాగే చెప్పేరు. కానీ ఆవిడ ఇక్కడ స్కూల్లో టీచరు కదండీ, ఊళ్ళో లేనన్ని రోజులూ ఆవిడ బదులు ఇంకొకరు పాఠం చెప్పేరు. వాళ్ళకి మేం ఇచ్చేశాం. పడవకి ఇచ్చేశాం. ఇచ్చినదాన్ని ఇవ్వలేదని నేనెలా రాయనండి? మా లెక్కల్లో బత్తాకి గడి ఉంది, పడవకి గడి ఉంది. మర్యాదకి గడి లేదు."

వెంకటరాజు ఖాళీ గ్లాసును బల్ల మీద పెట్టాడు.

"మాకు లాభం వద్దండి. నష్టం రాకూడదు, అంతే. నష్టం వస్తే పూడ్చేవాళ్ళు లేరు. ఈ గది అద్దె, నా జీతం, సత్తెయ్య జీతం, పరీక్ష కాగితాలు, అన్నీ బడుల మీదే పంచుతాం. ఇదివరకు బడులు ఎక్కువ ఉండేవి, తలా కాస్త పడేది. కట్టలేక కొన్ని మానేసేయి. మానేసినవాళ్ళ వాటా ఉన్నవాళ్ళ మీద పడింది. అది కట్టలేక ఇంకొందరు మానేసేరు." ఆయన బల్ల మీద పేపరువెయిటును ఇటు నుంచి అటు జరిపాడు. "ఎక్కడ ఆగుతుందో నాకూ తెలీదండి. ఆఖరికి ఒక్క బడి మిగిలితే నన్నూ సత్తెయ్యనీ అదే పోషించాలి."

ఆయన నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

గడువు పెంచడం కుదరదన్నాడు. పెంచితే అందరికీ పెంచాలి. విడతలుగా పుచ్చుకోవడం కుదరదన్నాడు. ఇదివరకు అలా పుచ్చుకుని మునిగారు. ఒకటే దారి ఉంది. బడి మూసేశామని రాసిస్తే ఫీజు కొట్టేస్తారు. ఆ ఖర్చు తక్కిన బడుల మీద వేస్తారు.

"మరి పిల్లల్ని అమలాపురం కుట్టు బడిలో చేర్పించి పరీక్ష రాయించచ్చాండి?"

"ఫీజు బాకీ పెట్టి మూసేసిన బడి పిల్లల్ని వేరే బడి తీసుకోకూడదండి. తీసుకోనిస్తే అందరూ తనిఖీ చేయించుకుని, మూసేసి, పిల్లల్ని పక్కకి తోసేస్తారు." ఆయన తలుపు వైపు చూశాడు. తరవాత గొంతు తగ్గించాడు. "కొత్తగా నేర్చుకోడానికి వచ్చే పిల్లని చేర్చుకోడానికి ఏ అడ్డూ లేదండి. ఎక్కడా నేర్చుకోని పిల్లని. ఏడాది చదివి, పైయేడు పరీక్ష రాయచ్చు."

కొత్తపేట ఉద్యోగం పైయేటి దాకా ఆగదు. అయినా ఆయన మేలు కోరే ఆ మాట చెప్పాడని వెంకటరాజుకి తెలుసు. కాగితం అడిగి తీసుకుని, అక్కడే బల్ల చివర కూర్చుని, బడి మూసేశామని రాసి ఇచ్చాడు. బడి నడిపినవారి పేరు దగ్గర కాసేపు ఆగి, రత్నమాల అని రాశాడు. కార్యదర్శి చదివి, ఆవిడ సంతకం కావాలేమోనన్నాడు. విషయం చెప్పాక, మీ సంతకం చాలులెండి అని మెల్లగా అన్నాడు. మెట్ల దాకా వచ్చి సాగనంపాడు.

*

మిషన్ల మీద దుప్పట్లు కప్పిన రోజున పిల్లలెవరూ ఏమీ అడగలేదు. అప్పటికే ఇళ్ళల్లో విని ఉన్నారు. ఎవరి దారపుండ వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. సూర్యావతి మాత్రం వసారా చిమ్ముతూ ఉండిపోయింది. చీపురుకి చుట్టుకున్న దారప్పోగుల్ని వేళ్ళతో లాగుతోంది.

వెంకటరాజు అమలాపురం సంగతి చెప్పాడు. మొదటి నుంచీ చేరాలి. ఎక్కడా నేర్చుకోలేదని చెప్పాలి.

"అమ్మగారి దగ్గర నేర్చుకున్నానని చెప్పకూడదాండి?"

"చెప్పకూడదమ్మా."

"నేను వెళ్ళకపోతే ఏటవుద్దండి?"

"ఏమీ అవదు. నువ్వు ఇక్కడే ఉంటావు. అంతే."

ఆమె చీపురు మూల పెట్టి, చేతులు కడుక్కుని, వెళ్తానండి అని మాత్రం అంది. ఇంటికి వెళ్తాననా, అమలాపురం వెళ్తాననా అన్నది ఆయనకి మర్నాడు గంగయ్య వచ్చి చెబితేగాని తెలియలేదు.

జూన్ మొదట్లో వెంకటరాజూ సూర్యావతీ అమలాపురంలో బస్సు దిగారు. కుట్టు బడి పెంకుటింట్లో ఉంది. ప్రధానోపాధ్యాయిని లోవమ్మగారు గట్టి గొంతు మనిషి. చేతిలో విసనకర్ర, మెళ్ళో కొలతటేపు. వచ్చిన పని విని, ఫీజులు ఈ ఏడు పెరిగాయని ముందుగానే చెప్పారు. పెంచడం తనకి ఇష్టం లేదనీ, మండలివాళ్ళు తమ వాటా పెంచితే తనేం చెయ్యగలననీ అన్నారు.

"ఎవరో లంకలో బడి పెట్టుకున్నారటండి. తనిఖీకి వచ్చినావిడకి వారం రోజులు పెళ్ళివారికి చేసినట్టు చేసి, ఆఖర్న కట్టలేమని మూసేసుకున్నారట. వాళ్ళు తినిపించిన పూతరేకులకి మేం కడుతున్నాం ఇక్కడ. మర్యాదలు చేసేవాళ్ళు తాహతు చూసుకోవద్దాండి?"

"ఆయ్" అన్నాడు వెంకటరాజు.

"మీదే ఊరన్నారు?"

"గన్నవరం అవతలండి."

లోవమ్మగారు విసనకర్ర ఆపి సూర్యావతిని ఎగాదిగా చూశారు. ఇంతకుముందు ఎక్కడైనా నేర్చుకుందా అని అడిగారు. మూతపడ్డ బడుల నుంచి పిల్లల్ని తీసుకుంటే మండలి తమ మీద తప్పు రాస్తుందట. సూర్యావతి నేల చూపులు చూస్తోంది.

"లేదండి" అన్నాడు వెంకటరాజు. "ఏమీ రాదండి."

"మీరేమవుతారు అమ్మాయికి?"

"వాళ్ళ ఊరివాణ్ణండి."

చెయ్యి ఎలా ఉందో చూద్దామని లోవమ్మగారు బల్ల సొరుగులోంచి గుడ్డ పీలిక, సూది, దారం తీసి ఇచ్చారు. ఒక వరస కచ్చాకుట్టు వెయ్యమన్నారు. సూర్యావతి దారం కొసను పెదవుల మధ్య తడిపి, సూది ఎత్తి, ఒక్కసారిలో ఎక్కించేసింది. ఎక్కించాక ఆగింది. దారాన్ని వెనక్కి లాగేసింది. మళ్ళీ సూది కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, తప్పించింది. ఇంకోసారి తప్పించి, అప్పుడు ఎక్కించింది.

మొదటి కుట్లు వరసలోనే పడ్డాయి. వాటిని చూసుకుని, తరవాతది కొంచెం పైకి వేసింది. ఆ తరవాతది కిందికి వేసింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. తప్పు కుట్టడం ఆమెకి కష్టంగా ఉంది. ప్రతి కుట్టు దగ్గరా వేలు తనంతట తానే సరైన చోటికి వెళ్తోంది. దాన్ని ఆపి పక్కకి జరపాల్సి వస్తోంది. ముక్కు మీద చెమట పట్టింది. వెంకటరాజు కిటికీలోంచి బయటికి చూడబోయి, చూడలేక, ఆ వంకర వరస వైపే చూస్తూ నిలబడ్డాడు.

లోవమ్మగారు గుడ్డ అందుకుని చూసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"ఫరవాలేదు, నేర్చుకుంటుంది లెండి. ఇదంతా విప్పేసి మొదట్నుంచి వెయ్యమ్మా. తొందరేం లేదు" అని, పేరు ఎక్కించుకోడానికి రిజిస్టరు వైపు తిరిగారు.

"ఆయ్, అలాగేనండి" అంది సూర్యావతి.

సూది మొన కుట్టు కిందికి దూర్చి, గుడ్డ పోగు ఒక్కటి కూడా కదలకుండా దారం పైకి లేపింది. విప్పడంలో ఆమె చెయ్యి తడబడలేదు. అది చూడడానికి అటు ఎవరూ తిరిగి లేరు, ఆయన తప్ప.